చెప్పింటి

హోసూరు రోడ్డు, బొమ్మనహళ్ళి,
అయ్యంగార్ బేకరీ మీద గది.
ఆదివారం పదిన్నరకి
కింద బన్నులు పొంగుతుంటే
పైన నేను భూతకాలం చెబుతుంటాను.

పదకొండు మంది. అందరూ గార్మెంట్స్ పనివాళ్ళే.
జడల్లో నూలు పోగులు, సెలవు రోజున కూడా.
గో అన్నది నిన్నటికి వెంట్ అయిపోతుందంటే
వెనక బెంచీలోంచి ఎవరో, కదిరి యాసలో:
"పోయినోళ్ళు పేరు గూడా మార్చుకుంటారా మేడం?"

మార్చుకుంటారు.
ఈట్ ఏట్ అవుతుంది, సీ సా అవుతుంది.
డిడ్ వచ్చిందా, వెనక క్రియ మారనక్కర్లేదు;
ఒక్క మూటకి ఇద్దరు హమాలీలెందుకు?
కట్ మాత్రం ఎప్పుడూ కట్టే.
నిన్న తెగినా, ఈరోజు తెగినా.

అందరూ నవ్వారు.
సుంకులమ్మ ఎడమచేతిని చున్నీ కిందికి లాక్కోవడం
నేను చూసి కూడా పట్టించుకోలేదు.

యూజ్డ్ టు చెప్పిన నాడు గది దద్దరిల్లింది.
మా అవ్వ శెనక్కాయలు ఒలిచేది,
నేను ఖోఖో ఆడేదాన్ని,
మా ఆయన నాతో మాట్లాడేవాడు.
ఆ చివరిది ఎవరన్నారో నేను అడగలేదు.

హ్యాడ్ దగ్గర బండి ఆగిపోయింది.
గతానికి వెనక ఇంకో గతం.
బోర్డు మీద రెండు గీతలు గీశాను:
ఇది నువ్వు సిల్క్‌బోర్డు స్టాపుకి చేరడం,
ఇది, దానికంటే ముందు, బస్సు వెళ్ళిపోవడం.
మన తెలుగులో దీనికి క్రియ లేదమ్మా, అన్నాను
తెనాలి ధీమాతో.
మనకున్నదల్లా 'అప్పటికే' అనే మాట,
క్రియ పక్కన సాక్షిలా నిలబడుతుంది, అంతే.
మూడు వారాలు చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు.
విసుగొచ్చి, హ్యాడ్ లేకపోయినా బతకొచ్చులే అనేశాను.

ఆరోజు అందరూ వెళ్ళాక
సుంకులమ్మ టిఫిన్ సంచీలోంచి కాగితం తీసింది.
ఫ్యాక్టరీది. ఇంగ్లీషులో టైపు చేసింది.
రేపటికల్లా సంతకం కావాలట.
చూపుడువేలికి కట్టు, కట్టు అంచున అయోడిన్ మరక.
చదివి తెలుగులో చెప్పాను:
"సోమవారం ఆమె బొత్తాలు కుడుతుండగా
మిషను గార్డు విరిగింది. వేలికి గాయమైంది."

వాజ్ సరిగ్గా ఉంది. బ్రోక్ సరిగ్గా ఉంది.
నా క్లాసులో అయితే పదికి పది.

"కాదు మేడం" అంది.
"గార్డు శుక్రారమే ఇరిగిండె.
నేను సూపర్వైజరుకు చెప్పింటి.
రెండుతూర్లు చెప్పింటి.
ఈ కాయితంలో ఆ శుక్రారం యాడుంది?"

ఇరిగిండె. చెప్పింటి.
సుద్దముక్క ఇంకా నా చేతిలోనే ఉంది.
మన భాషలో లేదంటూ నేను మూడు వారాలుగా
తుడిచి తుడిచి రాస్తున్నది
ఆమె నాలుక మీద, వాళ్ళమ్మ నాలుక మీద,
కదిరి సంతలో బాకీ తగాదాల మధ్య
అప్పటికే ఉంది.

"అదేనమ్మా" అన్నాను, "అదే హ్యాడ్."

కాసేపు బోర్డుకేసి చూసింది, ఆ రెండు గీతల్ని.
పెన్ను తీసుకుని
కట్టువేలు కాగితానికి తగలకుండా ఎత్తిపట్టి
కింద ఖాళీలో ఒక్కో అక్షరమే దించింది:
ద గార్డ్ హ్యాడ్ బ్రోక్ ఆన్ ఫ్రైడే.
ఐ హ్యాడ్ టోల్డ్ సూపర్వైజర్.

బ్రోకెన్ రావాలి. దిద్దాలా వద్దా అనుకున్నాను.
దిద్దాను.
ఆఫీసువాళ్ళకి ఒక్క అక్షరం తప్పు దొరికితే చాలు,
శుక్రవారం మొత్తాన్నీ కొట్టేస్తారు.

పై ఆదివారం ఆమె రాలేదు.
ఆ పై వారం ఆలస్యంగా వచ్చి
వెనక బెంచీలో సర్దుకుని కూచుంది.
ఏమైందని అడిగాను.
"ఇచారిస్తాండారంట."

జరుగుతూ ఉన్న పని, ముగియనిది.
ఆ పాఠం మొదటి నెలలోనే
అయిపోయిందనుకున్నాను.